చిన్న డెస్క్‌టాప్‌కి మదర్‌బోర్డు ఎంచుకోవడం: టేబుల్ కొలత దగ్గర మొదలుపెట్టి షాపు బిల్లు దాకా

మొన్న సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, మదర్‌బోర్డు వచ్చేసింది, దీనికి బాగా చిన్న కేసు ఏదైనా చెప్పు" అన్నాడు. వాడుండేది కేపీహెచ్‌బీలో హాస్టల్లో, ముగ్గురు పంచుకునే గది, వాడి వాటాకి వచ్చింది రెండడుగుల టేబుల్. దాని మీదే మానిటర్, పుస్తకాలు, వాళ్లమ్మ పంపిన కారప్పొడి డబ్బా. ఆఫర్ ఉందని ఆన్‌లైన్లో కొనేసింది మైక్రో ఏటీఎక్స్ బోర్డు, అంటే బాగా చిన్న కేసుల్లో పట్టని మధ్యరకం సైజు. బీరువా కొని తెచ్చాక గుమ్మం వెడల్పు కొలవడం అంటే ఇదే. అదృష్టం బాగుండి సీలు తీయలేదు కాబట్టి తిరిగి పంపించేశాం, మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకున్నాం. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్తాను. పెద్ద బోర్డు కొన్నప్పుడు ఏదైనా మర్చిపోయినా పర్లేదు, వైఫై లేకపోతే కార్డు పెట్టుకుంటాం, పోర్టులు చాలకపోతే ఇంకో కార్డు. చిన్న బోర్డులో ఉండేది ఒకటే స్లాట్, దాంట్లో గ్రాఫిక్స్ కార్డు కూర్చుందంటే ఇక అంతే. కాబట్టి స్పెక్ షీట్‌లో ఏమేం ఉన్నాయని కాకుండా ఏమేం లేవని చదవడం అలవాటు చేసుకోండి.

1. అసలు ఎంత చిన్నది కావాలి?

సైజులు ఇవీ. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ 244 × 244. మినీ ఐటీఎక్స్ 170 × 170, దీన్ని 2001లో తైవాన్ కంపెనీ వయా తెచ్చింది, ఇప్పటికీ చిన్న పీసీ అంటే అందరికీ గుర్తొచ్చేది ఇదే. ఇంకా చిన్నది మినీ ఎస్‌టీఎక్స్, సుమారు 147 × 140, కానీ దాంట్లో గ్రాఫిక్స్ కార్డు స్లాటే ఉండదు, పైగా విడి బోర్డుగా దొరకడం కష్టం, ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ లాంటి రెడీమేడ్ డబ్బాలో కేసుతో సహా వస్తుంది.

పాత పేపరు తీసుకుని 17 సెంటీమీటర్ల చదరం ఒకటి, 24.4 సెంటీమీటర్ల చదరం ఒకటి కత్తిరించి మీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. నవ్వులాట కాదు, మా వాడికి నేను చేయించిన మొదటి పని ఇదే. స్క్రీన్ మీద 74 మిల్లీమీటర్ల తేడా అంటే ఏం తెలుస్తుంది? కాగితం పెట్టాక వాడే అన్నాడు, "అబ్బో, ఇంతుందా!" అని.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట. మీకు సొంత గది, టేబుల్ కింద ఒక అడుగు జాగా ఉంటే మైక్రో ఏటీఎక్స్ తీసుకుని హాయిగా ఉండండి. ఒకే చిప్‌సెట్ (బోర్డు సౌకర్యాలని నడిపించే చిప్) ఉన్నా మినీ ఐటీఎక్స్ బోర్డుకి కొన్ని వేలు ఎక్కువ పెట్టాలి, ఆ పైన చిన్న పవర్ సప్లై ధర, ప్రాసెసర్‌ని చల్లబరిచే పొట్టి కూలర్ ధర. చిన్నదంటే చవక అనుకుని వచ్చేవాళ్లకి ఇక్కడే మొదటి షాక్. మైక్రో ఏటీఎక్స్‌లో ఒక చిన్న కిటుకు కూడా ఉంది: 244 అనేది గరిష్ఠ కొలత మాత్రమే, చవక బోర్డులు చాలావరకు వెడల్పు తక్కువగా ఉంటాయి, అప్పుడు కుడి అంచు కింద ఊతగా స్క్రూ ఉండదు, 24 పిన్‌ల పవర్ కేబుల్ నొక్కుతుంటే బోర్డు వంగుతుంది. కింద వేలు ఆనించి నొక్కండి.

మోడల్ పేరు చూసి సైజు పట్టేయొచ్చు. బీ650ఎం అని ఎం తగిలితే మైక్రో ఏటీఎక్స్, బీ650ఐ అని ఐ తగిలితే మినీ ఐటీఎక్స్. అన్ని కంపెనీలూ ఈ పద్ధతి పాటించవు గానీ చాలావరకు పనిచేస్తుంది.

2. కేసు తర్వాతే బోర్డు

మినీ ఐటీఎక్స్ బోర్డుకుండే నాలుగు స్క్రూ రంధ్రాలు పెద్ద కేసుల్లో రంధ్రాలకీ సరిపోతాయి, కాబట్టి చిన్న బోర్డు పెద్ద కేసులో పడుతుంది, పెద్దది చిన్న దాంట్లో పట్టదు. కేసు చూసేటప్పుడు మూడు నంబర్లు రాసుకోండి: కూలర్‌కి ఎంత ఎత్తు ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డుకి ఎంత పొడవు ఇస్తుంది, పవర్ సప్లై ఏ సైజు పడుతుంది. చిన్న కేసుల్లో సాధారణంగా ఎస్‌ఎఫ్ఎక్స్ అనే చిన్న రకం పవర్ సప్లై పడుతుంది, అది 125 × 63.5 × 100 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉన్న పాత ఏటీఎక్స్ పవర్ సప్లై వాడేద్దాం అనుకుంటే ఇక్కడే ఆగిపోతారు.

కేసు సైజు లీటర్లలో కూడా చెప్తారు. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 సుమారు 18 లీటర్లు, ఫ్రాక్టల్ టెర్రా 10 లీటర్ల పైన. మొదటిసారి బిల్డ్ చేసేవాళ్లు 15 నుంచి 20 లీటర్ల మధ్య ఉండండి. పది లీటర్ల కేసులో కేబుల్ సర్దడమంటే చిన్న సూట్‌కేసులో పెళ్లి బట్టలు కుక్కడమే, మూత పడుతుంది గానీ లోపల ఏం నలిగిందో తెలియదు.

3. ప్రాసెసర్, సాకెట్

ముందు ఒక ప్రశ్న: విడి గ్రాఫిక్స్ కార్డు పెడతారా లేదా?

టైపింగ్, ఆన్‌లైన్ క్లాసులు, సినిమాలు, బిల్లులు కట్టడం ఇంతేనంటే ప్రాసెసర్ బోర్డుకే అతికి వచ్చేవి చూడండి. ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ ఐటీఎక్స్ బోర్డులు ఏఎస్‌రాక్, ఆసుస్ రెండూ చేశాయి. నాలుగు కోర్లు, 6 వాట్ల ప్రాసెసర్. ఏఎస్‌రాక్ ఎన్100డీసీ ఐటీఎక్స్‌కి ఫ్యాన్ లేదు, పవర్ సప్లై కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్ లాంటి 19 వోల్టుల అడాప్టర్ పెడితే చాలు. రిటైరైన మా బాబాయికి ఇలాంటిదే కట్టించాను, చప్పుడు లేదు. అయితే ప్రాసెసర్ జన్మలో మార్చలేరు, ర్యామ్ స్లాట్ కూడా ఒకటే.

కొంచెం గేమింగ్, కొంచెం ఎడిటింగ్, కార్డుకి మాత్రం ఇప్పుడు డబ్బుల్లేవు అంటే, లోపలే మంచి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లు ఉన్నాయి. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్‌కి (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) రైజెన్ 5 5600జీ, ఏఎం5కి రైజెన్ 5 8600జీ. మా వాడికి తీసుకున్నది 8600జీ. తర్వాత కార్డు పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఈ జీ రకం ప్రాసెసర్లు కార్డుకి ఇచ్చే దారి ఇరుకు: 8600జీ అయితే 16 లేన్ల బదులు 8 ఇస్తుంది, 8500జీ అయితే నాలుగే. ఎనిమిదితో ఇబ్బంది పెద్దగా తెలియదు. నాలుగు అంటే నేనైతే వద్దనే అంటాను.

ఇక సాకెట్లు. ఏఎం4 పాతబడింది, కానీ డీడీఆర్4 ర్యామ్ ఇంట్లో ఉన్నవాళ్లకి ఇప్పటికీ లాభమే. ఏఎం5 2022లో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది, అంటే తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అవకాశం ఉంది. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1700 అంటే 12, 13, 14 తరాలు, ఎల్‌జీఏ 1851 అంటే కోర్ అల్ట్రా 200 సిరీస్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. 13, 14 తరాల్లో 65 వాట్లు, ఆ పైన ఉన్న ప్రాసెసర్లు కొన్ని వోల్టేజ్ సమస్యతో పాడయ్యాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదట లేపే సాఫ్ట్‌వేర్) ద్వారా సవరణ ఇచ్చింది. అవి తీసుకుంటే బోర్డు పెట్టిన మొదటి రోజే బయోస్ అప్‌డేట్ చేయండి, రేపు చూద్దాంలే అనొద్దు.

ఎఫ్ అక్షరంతో ముగిసే ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. చవకగా వచ్చిందని అది కొని, బోర్డు వెనక హెచ్‌డీఎంఐలో కేబుల్ గుచ్చి, బొమ్మ రావట్లేదని షాపు వాడితో గొడవ పెట్టుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను.

4. చిప్‌సెట్ గురించి క్లుప్తంగా

చిన్న కేసులో ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ని మామూలు కంటే వేగంగా పరిగెత్తించే మాట మర్చిపోండి, వేడికే చోటు లేదు. కాబట్టి ఇంటెల్ జెడ్ రకం, ఏఎండీ ఎక్స్ రకం మీద డబ్బు పోయకండి. ఏఎం5కి ఏ620 లేదా బీ650, బీ850. ఇంటెల్‌కి బీ760, బీ860. హెచ్610 ఆఫీసు పనికి సరే గానీ దాంట్లో ర్యామ్ వేగం పెంచుకునే వీలుండదు.

5. ర్యామ్

మినీ ఐటీఎక్స్‌లో సాధారణంగా రెండే స్లాట్లు. నాలుగుంటే ఇప్పుడు రెండు, వచ్చే ఏడాది రెండు అని సర్దుకునేవాళ్లం, ఇక్కడ అది కుదరదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అందుకే ఈ సలహా ఇవ్వాలంటే నాకే బాధగా ఉంది గానీ, రెండు 8 జీబీలు పెట్టి తర్వాత రెండూ పీకేసేకంటే కార్డున్నవాళ్లు ఒకటే 16 జీబీ పెట్టి రెండోది తర్వాత కొనడం నయం. జీ రకం ప్రాసెసర్ వాడేవాళ్లకి ఇది వర్తించదు. వాటి గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది, ఒక్క స్టిక్‌తో సగం ప్రాణం పోయినట్టే, రెండూ ఒకేసారి కొనాల్సిందే.

డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్‌లే, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి దిగదు. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి అక్కడే ఎక్కువమంది పొరపడతారు, పేరు చివర డీ4 ఉంటే డీడీఆర్4 అని గుర్తు. ఎన్100 బోర్డుల్లో కొన్నింటికి ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది. అలాగే మెరిసే లైట్లు, పొడుగు రేకులు ఉన్న ర్యామ్ జోలికి పోకండి, పొట్టి కూలర్ అంచు ర్యామ్ మీదకి వచ్చిందంటే దానికి తగులుతుంది.

6. వేడి

అన్నింటికంటే ఇక్కడ ఎక్కువ సేపు ఆగండి, ఎందుకంటే మనం కొనేది మే నెలలో 40 దాటే ఊళ్లో. ఇంటర్నెట్లో కనిపించే చిన్న పీసీ రివ్యూలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో చేసినవి. మన టాప్ ఫ్లోర్ ఫ్లాట్లో మధ్యాహ్నం మూడింటికి గదిలోనే 36, 37 ఉంటే, వాళ్లు చూపించిన ప్రతి అంకెకీ ఇంకో 15 కలుపుకోవాలి. వాళ్లకి 75 దగ్గర ఆగిన ప్రాసెసర్ మనకి 90 చేరుతుంది.

ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లని రాసి ఉందని మోసపోకండి. ఇంటెల్ ఐ5 13400కి బేస్ 65 వాట్లే, టర్బోలో, అంటే పని భారం పెరిగి వేగం పెంచుకున్నప్పుడు, 148 దాకా లాగొచ్చు. ఐ7 13700కి కూడా బేస్ 65 వాట్లే, టర్బోలో 219. రైజెన్ 65 వాట్ల ఏఎం5 ప్రాసెసర్లు సాధారణంగా 88 దగ్గర ఆగుతాయి. చిన్న డబ్బాలో నాకు ఏఎండీ మీద మొగ్గు ఎక్కువ ఉండటానికి ఇదొక్కటే కారణం, అభిమాన సంఘం ఏమీ లేదు. ఏది తీసుకున్నా బయోస్‌లో పవర్ పరిమితి తగ్గించే ఆప్షన్ ఉందో లేదో బోర్డు మాన్యువల్‌లో ముందే చూడండి, మాన్యువల్ కంపెనీ సైట్లో ఉచితంగా దొరుకుతుంది.

బోర్డు మీద సాకెట్ పక్కన చిన్న నల్ల చదరపు ముక్కలు వరసగా ఉంటాయి, ప్రాసెసర్‌కి కరెంటు మలిచి ఇచ్చేది అవే, వాటిని వీఆర్‌ఎం అంటారు. వాటి మీద లోహపు రేకు, అంటే హీట్‌సింక్, ఉందో లేదో ఫోటోలోనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో అయితే లేనిది కొనకండి, ఎన్100 రకం తప్ప. పెద్ద కేసులో గాలి దాని మీదుగా పోతుంది, చిన్న కేసులో దానికి అందేది కూలర్ కిందికి ఊదే గాలి మాత్రమే.

కూలర్ ఎత్తు కొలవండి. ఏఎండీ డబ్బాలో వచ్చే రెయిత్ స్టెల్త్ 54 మిల్లీమీటర్లు, నాక్టువా ఎన్‌హెచ్ ఎల్9ఏ 37. కేసు 48 ఇస్తుంటే ఉచితంగా వచ్చిన కూలర్ అటకెక్కినట్టే. కూలర్ వెడల్పు కూడా చూసుకోండి, మినీ ఐటీఎక్స్‌లో సాకెట్‌కి ఒక పక్క ర్యామ్, ఇంకో పక్క పోర్టుల మీది రేకు, మధ్యలో బస్సులో ముగ్గురి సీటులో నాలుగోవాడిలా కూలర్. కూలర్ కంపెనీల సైట్లలో బోర్డుల వారీగా జాబితాలు ఉంటాయి, మీ మోడల్ పేరు వెతకండి.

దుమ్ము సంగతి వేరే చెప్పాలా? పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్న వీధిలో ఉంటే జల్లెడ ఉన్న కేసే తీసుకోండి.

7. స్టోరేజ్, వైఫై, పోర్టులు

ఎం.2 స్లాట్లు, అంటే సన్నటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోట్లు, ఎన్ని, ఎక్కడ. మినీ ఐటీఎక్స్‌లో రెండోది చాలాసార్లు బోర్డు వెనక ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఎస్‌ఎస్‌డీ మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి, కేసు వెనక కోత ఉంటే తప్ప. అందుకని రెండు ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఉద్దేశం ఉంటే పెద్దది, తొందరగా మార్చే అవసరం లేనిది, మొదటి రోజే వెనక పెట్టేయండి. పాత హార్డ్‌డిస్కులు ఉన్నవాళ్లు సాటా పోర్టులు లెక్కపెట్టండి, కొత్త చిన్న బోర్డుల్లో కొన్నింటికి రెండే.

వైఫై ఉన్న బోర్డే తీసుకోండి. గిగాబైట్ వాళ్ల బీ650ఐ ఏఎక్స్ లాంటి పేర్లలో ఏఎక్స్ అంటే వైఫై ఉందనే అర్థం. హాస్టల్లో, అద్దె ఇళ్లలో రూటర్ హాల్లో ఉంటుంది, మన గదికి వైరు లాగనివ్వరు.

ఇక నా సొంత బాధ. నా మొదటి చిన్న బిల్డ్‌కి ముందు వైపు టైప్ సీ పోర్టు ఉన్న కేసు మోజుపడి కొన్నాను. అంతా బిగించాక దాని కేబుల్ చేతిలో పట్టుకుని బోర్డు చుట్టూ టార్చ్ వేసి వెతికాను, దాని సాకెట్ లేదు. ఆ బోర్డుకి ముందు టైప్ సీ కోసం హెడరే ఇవ్వలేదు. రెండేళ్లు ఆ రంధ్రం అలంకారంగా ఉంది, వచ్చిన చుట్టాలందరూ ఫోన్ ఛార్జింగ్ పెట్టి "పనిచేయట్లేదేంటి?" అనేవాళ్లు. కాబట్టి కేసు ముందు ఏయే పోర్టులున్నాయో కాగితం మీద రాసి, ఒక్కోదానికీ బోర్డులో హెడర్ ఉందా అని మాన్యువల్ బొమ్మలో టిక్ పెట్టుకోండి. ఫ్యాన్ హెడర్లు కూడా అప్పుడే లెక్కపెట్టండి, రెండు మూడుకి మించి ఉండవు.

8. షాపులో

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరికీ సీటీసీ, అక్కడికి వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. ఒకే మోడల్ ధర మూడు నాలుగు షాపుల్లో అడగండి, ఆన్‌లైన్ ధర కూడా ఫోన్లో తెరిచి పెట్టుకోండి. మినీ ఐటీఎక్స్ ప్రతి షాపులో ఉండదు, "అదే రేటుకి మైక్రో ఏటీఎక్స్ ఇంకా మంచిది ఇస్తా సార్" అని తప్పకుండా అంటారు. చిరునవ్వు నవ్వి మీ కేసు కొలతల కాగితం చూపించండి.

"బిల్లు లేకుండా అయితే ఇంత" అనే బేరానికి ఒప్పుకోకండి. 18 శాతం జీఎస్టీ మిగిల్తే సంతోషమే గానీ, బోర్డుల మీద సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే అది చేతులారా వదులుకున్నట్టే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి డబ్బా మీదున్న దానితో సరిచూసుకోండి. అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకునేవాళ్లు ఆ కంపెనీ ఇక్కడ వారంటీ ఇస్తుందో లేదో ముందు కనుక్కోండి. రీఫర్బిష్డ్ ఆఫీసు పీసీల నుంచి తీసిన చిన్న బోర్డులు చవకగా కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు, స్క్రూ రంధ్రాల నుంచి పవర్ కనెక్టర్ దాకా చాలా వాటిలో ఆ కంపెనీ సొంత లెక్కే ఉంటుంది.

డబ్బులిచ్చే ముందు డబ్బా తెరిపించండి. ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో పిన్‌లు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా. ప్లాస్టిక్ మూత తీసి, ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి, నాటిన వరి మడిలా వరసలు తిన్నగా మెరవాలి, ఎక్కడైనా ఒక చుక్క నల్లగానో పక్కకి వాలినట్టో కనిపిస్తే ఇంకో పీసు అడగండి. ఒకసారి నేను ఇలా చూడకుండా ఇంటికి తెచ్చి, తర్వాత వంగిన పిన్‌తో వెనక్కి వెళ్తే, మీరే వంచారన్నారు. కాదని నిరూపించేదెలా? వారంటీలో ఫిజికల్ డ్యామేజీ రాదు. ఆ ప్లాస్టిక్ మూత కూడా పారేయకండి, సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు అడుగుతారు. వైఫై యాంటెన్నాలు, ఎం.2 స్క్రూలు ఉన్నాయా చూసుకోండి, ఆ మిల్లీమీటర్ స్క్రూ పోతే దాని కోసం మళ్లీ సికింద్రాబాద్ రావాలి.

అక్కడే బయోస్ సంగతి అడగండి. 8600జీ వచ్చింది 2024 జనవరిలో, బీ650 బోర్డులు అంతకుముందు నుంచే ఉన్నాయి, కాబట్టి పాత స్టాకైతే పాత బయోస్‌తో ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. కంపెనీ సైట్లో మీ బోర్డు పేజీలో ప్రాసెసర్ల జాబితా, పక్కన ఏ బయోస్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. వెనక బయోస్ ఫ్లాష్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ అయిపోతుంది. మాకు షాపు కుర్రాడు కౌంటర్ మీదే చేసిపెట్టాడు, టీ తాగేంత సేపు పట్టింది.

9. కేసులో పెట్టకముందే ఒకసారి వెలిగించండి

బోర్డు డబ్బానే టేబుల్. దాని మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, పవర్ కేబుళ్లు రెండూ, అంటే 24 పిన్‌లదీ 8 పిన్‌లదీ పెట్టి, పవర్ స్విచ్ పిన్‌లు రెండూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. చిన్న కేసులో బిగించాక తప్పు దొరికితే మళ్లీ అంతా విప్పాలి, అరగంట పని మూడు గంటలవుతుంది. బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లుంటే ఎక్కడ ఆగిందో అవే చెప్తాయి.

ఏఎం5 వాళ్లకి ఒక హెచ్చరిక. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుంటూ నిమిషాల తరబడి నల్ల స్క్రీన్‌తో ఉంటుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది. ఇది నేను మా వాడికి చెప్పడం మర్చిపోయాను. రాత్రి పదకొండున్నరకి ఫోన్. "మామయ్యా, పోయింది, బోర్డు పోయింది, ఏమీ రావట్లేదు" అన్నాడు, గొంతు వణుకుతోంది. ర్యామ్ పక్కన లైటు వెలుగుతోందా అన్నాను, వెలుగుతోందన్నాడు. స్విచ్ మీద చెయ్యి పెట్టకు, అన్నం తిన్నావా అన్నాను. తినలేదన్నాడు. ఏం వండారు హాస్టల్లో అని అడుగుతుంటే, వంకాయ అని చెప్పబోయినవాడు మధ్యలో ఆగిపోయి, "వచ్చింది మామయ్యా!" అని అరిచాడు, వెనక నిద్రలో ఉన్న రూమ్మేట్ ఎవరో తిట్టడం నాకూ వినిపించింది.